మెట్ల మీది నౌక

నాకు అన్నిటికంటే భయం ఏమిటంటే, నిద్రలో మా పాప ఊపిరి ఆగిపోతుందని. ముందే చెప్పేస్తున్నాను, ఆగలేదు. ఇప్పుడు నేనిది రాస్తుంటే నా ఎదురుగానే కూర్చుని వాళ్ళ నాన్న చెప్పు చప్పరిస్తోంది. లాక్కుంటే భవనమంతా వినబడేలా ఏడుస్తుంది, ఊపిరికి లోటేమీ లేదు. అప్పుడూ లేదనే డాక్టరమ్మ చెప్పింది, మా ఆయన చెప్పాడు, అత్తయ్య అయితే రోజుకో రకంగా చెప్పింది. భయానికి చెవులుంటే కదా వినడానికి.

ఆ వానాకాలానికి పాప ఇంకా బోర్లా పడడం నేర్చుకుంటోంది. అది నిద్రపోతే నేను లేచి కూర్చునేదాన్ని. ముక్కు కింద వేలు పెట్టేదాన్ని. వెచ్చగా తగిలితే తీసేదాన్ని. తీశాక, తీసిన తర్వాత ఆగి ఉంటే, అనిపించి మళ్ళీ పెట్టేదాన్ని. మా ఆయన దూరప్రాంతాల బస్సు డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువుంటాడు. ఉన్న రోజున "నేను చూస్తాలే, నువ్వు పడుకో" అని పాప పక్కన చేరి, పాప కంటే ముందు గురక పెట్టేవాడు. అత్తయ్య చూస్తానన్నా నేను ఇచ్చేదాన్ని కాదు. ముగ్గురిని పెంచిన మనిషే. కానీ ఆవిడకి భయం లేదు. భయం లేనివాళ్ళ చేతికి బిడ్డనెలా ఇస్తాం?

"దాని ముక్కు కింద వేలు పెట్టి పెట్టి జలుబు తెప్పిస్తావే" అనేది ఆవిడ. నేను విననట్టు మళ్ళీ వేలు పెట్టేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడే కునికేదాన్ని. ఆ నెలల్లో మా ఇంటి గుర్తు ఏమిటని ఎవరైనా అడిగితే, మాడిన గిన్నె వాసన పట్టుకుని వచ్చెయ్యమని చెప్పొచ్చు. ఒకసారి పాపని ఎత్తుకుని మెట్లు దిగుతూ దిగుతూ కళ్ళు మూతలు పడ్డాయి. గోడకి భుజం తగిలి తెలివొచ్చింది. ఎదురుగా వస్తున్న రెండో అంతస్తు నర్సక్క అది చూసింది. తనేమీ తిట్టలేదు. "నువ్వు పడితే నీతోపాటు పడేది అదే" అని మాత్రం అని పైకి వెళ్ళిపోయింది. అది విన్నాక భయం రెండైంది, నిద్ర మాత్రం రాలేదు.

మా భవనం సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ మనుషులు ఎదురుపడితే బాగున్నారా అని అడగరు. ఎక్కడున్నారు అని అడుగుతారు. పుస్తకంలో ఎక్కడిదాకా వచ్చారని దానర్థం. ఈ పిచ్చి తెచ్చింది నర్సక్కే. మంత్రగత్తెలు, ఎగిరే గుర్రాలు, నక్షత్రాల మధ్య తిరిగే ఓడలు, అలాంటివే చదువుతుంది. ఆసుపత్రిలో పొద్దస్తమానం ఈ లోకాన్నే చూస్తాను, ఇంటికొచ్చాక కూడా ఇదే దేనికీ అంటుంది. ఆవిడ దగ్గర్నుంచి కింద షాపులో కుట్టే దర్జీ బాబాయికి అంటుకుంది, ఆయన నుంచి అత్తయ్యకి, అత్తయ్య నుంచి పై అంతస్తు లిఫ్టు తాతకి. తాత జీవితమంతా లిఫ్టులు బాగుచేశాడు. రిటైరయ్యాక లిఫ్టే లేని మా భవనంలో అందరికంటే పైన ఒంటరిగా ఇల్లు తీసుకున్నాడు. ఇకమీద వేళాపాళా లేకుండా రిపేరుకి పిలిచేవాళ్ళుండరు కదా అంటాడు.

ఎండాకాలమంతా ఈ నలుగురూ డ్రాగన్ల మధ్య బతికారు. వానలు మొదలైన వారంలో నర్సక్క కొత్త పుస్తకం పట్టుకొచ్చింది. ఇలాంటివి చదివేవాళ్ళంతా దానికోసమే ఎదురుచూస్తున్నారట. దుకాణంలో కట్టలు విప్పుతుండగానే అయిపోయాయి, ఆవిడకి దొరికింది ఒక్కటే. దిండంత లావుంది. అందరూ మా ఇంట్లో చేరారు. ఎవరు ముందు చదవాలన్నదే తగువు. తెచ్చింది నేనని నర్సక్క. కిందటిసారి నన్ను ఆఖర్న పెట్టారు, మీ ముఖాలు చూసే కథంతా తెలిసిపోయిందని బాబాయి. తాత మెల్లిగా దగ్గి, నా వయసు చూడండి, వెనక పెడితే పుస్తకం వచ్చేసరికి నేనుండను అన్నాడు. ప్రతి పుస్తకానికీ ఆయన ఈ మాటే అంటాడు, ప్రతిసారీ అది పనిచేస్తుంది.

అత్తయ్య లేచి లోపలికెళ్ళి కత్తి తెచ్చింది.

తల నెరిసేదాకా బైండింగు షాపులో పనిచేసిన మనిషి ఆవిడ. మనకి పుస్తకమంటే ఒకే వస్తువు. ఆవిడకి అలా కాదు, పదహారేసి పేజీల మడతలు వరసగా పేర్చి కుట్టిన కట్ట. ఆ మడతని ఫారం అంటారు. పుస్తకాన్ని బల్ల మీద బోర్లించి, ఒక్క పెట్టున అట్ట ఊడదీసింది. ఆపరేషన్లు చూసే నర్సక్క కళ్ళు మూసుకుంది.

"అక్కయ్యా, కొత్త పుస్తకం" అన్నాడు బాబాయి.

"కొత్త గుడ్డని నువ్వు కొయ్యవా?" అంది అత్తయ్య, తల ఎత్తకుండానే.

దారాలు తెంపి, రెండేసి ఫారాలు ఒక ముక్కగా విడదీసింది. ప్రతి ముక్కకీ పాత క్యాలెండరు కాగితం అట్ట వేసి కుట్టింది. రోజూ లైట్లు వేసే వేళకి ఎవరు చదివిన ముక్క వాళ్ళు తర్వాతి ఇంటికి పంపాలి. అలా అయితే అందరూ ఒకేసారి చదవొచ్చు, ఒకరి వెనక ఒకరు. ఒకటే నియమం పెట్టుకున్నారు. ముందున్నవాళ్ళు వెనకవాళ్ళకి కథ చెప్పెయ్యకూడదు. నోరు జారినవాళ్ళు వారం రోజులు మెట్లు ఊడవాలి.

కోసిన చెయ్యి తనది కాబట్టి అత్తయ్య మొదట. తర్వాత నర్సక్క, తర్వాత తాత, ఆఖర్న మళ్ళీ పాపం బాబాయే. నేను పాపని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"మరి ఈ అమ్మాయో?" అన్నాడు తాత.

దానికి నిద్రపోవడానికే తీరిక లేదు, పుస్తకమెక్కడ అని అత్తయ్యే జవాబు చెప్పేసింది. అసలు సంగతి అది కాదు. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అక్షరాలు వచ్చు. కానీ వరస కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతాను. నేను ఒక పేజీ తిప్పేలోపు మిగతావాళ్ళు ఊరు దాటి పోతారు. గొలుసు నా దగ్గర తెగుతుందేమోనని నోరు మెదపలేదు. తాత నా ముఖంలో ఏం చూశాడో తెలియదు.

"నా వెనక పెట్టండి" అన్నాడు. "నేనూ నత్తనే. ఇద్దరిలో ఆలస్యం చేసిందెవరో మీకెవరికీ అంతుపట్టదు."

కథ ఇదీ. ఇంకో సూర్యుడి దగ్గరికి పోతున్న నౌక. మూడు తరాల దూరం. లోపల మనుషులంతా అద్దాల పెట్టెల్లో చల్లగా నిద్రపోతుంటారు. ఒక్కరు మాత్రం మేలుకుని కాపలా కాయాలి. తన వంతు అయ్యాక ఇంకొకరిని లేపి, తను పెట్టెలో పడుకోవాలి. నౌక కడుపులో నిప్పు కక్కే జంతువొకటి ఉంది, దాని ఊపిరితోనే నౌక నడుస్తుంది. ఇది సైన్సు అంటుంది నర్సక్క. నిప్పు కక్కేది సైన్సెలా అవుతుంది, మంత్రమే అంటాడు బాబాయి. తాత ఇద్దరినీ కాదంటాడు. అంత పెద్ద యంత్రానికి నూనె ఎక్కడ పోస్తారో ఎక్కడా రాయలేదని ఆయన బాధ.

నాకు జంతువు మీద ధ్యాస లేదు. నేను పట్టుకున్నది కాపలామనిషిని. ఆమె రోజూ పెట్టెల మధ్య నడుస్తుంది. ఒక్కొక్క అద్దం మీద చెయ్యి పెట్టి, లోపల ఆవిరి పడుతోందా లేదా చూస్తుంది. చివరిదాకా వెళ్ళి, మొదటి పెట్టె సంగతేమయిందోనని మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ వరసలు మళ్ళీ మొదట్నుంచి చదివాను. ఇంత పెద్ద పుస్తకంలో నాలాంటిది ఒకత్తి ఉందని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పకూడదు కదా, నియమం.

మధ్యాహ్నాలు పాపని పక్కలో పడుకోబెట్టుకుని పైకే చదివేదాన్ని. ఒక చెయ్యి అక్షరాల కింద, ఒక చెయ్యి పాప ముక్కు కింద. నా నత్తనడక వింటూ అది హాయిగా నిద్రపోయేది. పైనుంచి ముక్క ఆలస్యంగా వచ్చిన రోజున, తాత "ఇవాళ నేనే మొద్దులా కూర్చున్నానమ్మా" అని గట్టిగా, కిందిదాకా వినబడేలా అనేవాడు. నా చేతిలో ముక్క అయ్యేదాకా కావాలనే ఆపుతున్నాడని తెలియక, చాలా రోజులు నేనది నిజమేననుకున్నాను.

భవనం రంగే మారిపోయింది. అత్తయ్య అందరికంటే ముందుంది కాబట్టి ఆవిడ ముఖం మీద అందరి కళ్ళూ. ఆవిడ కూరగాయలకి దిగితే, బాబాయి మిషను ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఆవిడనే చూసేవాడు. "అక్కయ్య పెదవి బిగించింది, ఎవరో పోతారు" అనేవాడు. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది అత్తయ్య. జంతువు తప్పించుకున్న ముక్క చేతికి వచ్చిన రోజున బాబాయి ఒక పెద్దమనిషి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. ఆ పెద్దమనిషి షాపు ముందు నిలబడి చొక్కా తొడిగి చూపిస్తుంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా ఆయన చెయ్యి సరిగా లేవలేదు. మా ఆయన ఎక్కడో బస్టాండు నుంచి ఫోను చేసి, పాప ఎలా ఉంది అని అడిగిన వెంటనే నౌక ఎక్కడిదాకా వచ్చింది అనేవాడు. నేను చెప్పేదాన్ని. ఏడో తరగతితో ఆగిన నేను, నా భర్తకి కథ చెప్పేదాన్ని. వింటూ వింటూ బస్సు హారను కొట్టేవాళ్ళని కసురుకునేవాడు.

ఒకరోజు ముక్క రాలేదు.

లైట్లు వేసే వేళ దాటింది. వాన జోరుగా ఉంది. పైనుంచి అడుగుల చప్పుడు లేదు, దగ్గు లేదు. కింద బాబాయి తన వంతు ముక్క తీసుకుని ఎప్పుడో వెళ్ళిపోయాడు. తాత చదువుతూ ఉంటాడులే అంది అత్తయ్య. నా బుర్ర ఊరుకుంటుందా? ఒంటరి మనిషి, తడి నేల, జారిన కాలు, ఎవరికీ వినబడని పిలుపు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కట్టుకుపోయింది. పాపని చంకన వేసుకుని మెట్లెక్కాను. నా ముఖం చూసి నర్సక్క తన సంచీ తీసుకుని వెనకే వచ్చింది. మా ఇద్దరి చప్పుడుకి బాబాయి, మెడలో టేపు వేలాడుతుండగానే పరుగెత్తుకొచ్చాడు. తిట్టుకుంటూ అత్తయ్య. తలుపు బాదాం. జవాబు లేదు. బాబాయి భుజంతో రెండు గుద్దులు గుద్దాడు. మూడోదానికి గడియ ఊడి తలుపు తెరుచుకుని, ఆయన నేరుగా లోపలికి వెళ్ళి తాత కాళ్ళ దగ్గర పడ్డాడు.

తాత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాన మోత వినబడకుండా చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఒళ్ళో ముక్క.

"దండాలు రేపు పెట్టుకోవచ్చు, ఇంకా రెండు పేజీలున్నాయి" అన్నాడు బాబాయితో.

తర్వాత ఎంత నవ్వారో చెప్పలేను. నవ్వు ఆగేసరికి అందరూ నా మీద పడ్డారు. కోడలు పిల్ల పాప ముక్కు చాలక ఇప్పుడు మా ముక్కుల కింద కూడా వేళ్ళు పెడుతోందని అత్తయ్య మొదలెట్టింది. నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. తాత చెవుల్లో దూది తీసి, కాసేపు ముక్కని అటూ ఇటూ తిప్పాడు.

"నవ్వకండి" అన్నాడు. "నా తలుపు ఇంతమంది కొట్టి చాలా కాలమైంది. ఇకనుంచి ముక్క రాకపోతే ఇలాగే రండి. ఎవరింటికైనా సరే."

బాబాయి మోకాలు రుద్దుకుంటూ లేచి, తలుపు గడియ సరిచేశాడు. అలా అది రెండో నియమం అయింది.

వానలు తగ్గుముఖం పట్టేవేళకి కాపలామనిషి జుట్టు నెరిసిపోయింది. తన వంతు ఎప్పుడో అయిపోయింది, అయినా తర్వాతి మనిషిని లేపదు. ఆ వచ్చేవాళ్ళు తనంత జాగ్రత్తగా చూస్తారని ఏమిటి నమ్మకం? నడిచి నడిచి గోడలు పట్టుకుని నడుస్తోంది. ఒకచోట కునికి, ఒక పెట్టె మీద పడి అద్దం పగలగొట్టబోయింది. ఆ పేజీ మీద నా వేలు చాలాసేపు కదలలేదు.

తర్వాతి ముక్క ఒక మధ్యాహ్నం చదివాను. ఆమె ఒక పెట్టె ముందు నిలబడుతుంది. లోపల ఒక ముసలామె. మూత తీస్తుంది, మూస్తుంది, మళ్ళీ తీస్తుంది. ముసలామె లేచి కూర్చుని, కళ్ళు నులుముకుని, ఈమె ముఖం చూస్తుంది. ఎందుకింత ఆలస్యం చేశావని అడగదు. తన కాళ్ళు నేల మీద ఆనించి, పెట్టెలో చోటు చూపిస్తుంది, అంతే.

నేను ముక్క మూశాను. పాప నిద్రపోతోంది. అత్తయ్య వసారాలో కూర్చుని, తడిసి ఊడిన అట్టలకి జిగురు రాస్తోంది. ఈ ముక్క ఆవిడ ఎప్పుడో చదివేసింది. ఇన్నాళ్ళూ నా ముందు కొంగు అడ్డం పెట్టుకునే తిరిగింది. పాపని ఎత్తుకుని వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"అత్తయ్యా, కాసేపు దీన్ని చూస్తారా?"

ఆవిడ చేతిలో బ్రష్షు ఆగింది. ఇప్పుడు ఏదో ఒకటి అంటుందని కాచుకున్నాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. కొంగు సర్దుకుని పాపని అందుకుంది. కొంచెం ఆగి అడిగింది.

"ఏ వేలు పెడతావు?"

"చూపుడు వేలండీ. తడి లేకుండా."

ఆవిడ ఆ వేలుని చీర కుచ్చెళ్ళకి శుభ్రంగా తుడుచుకుంది.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, తాత చెప్పాడు. లైట్లు వేసే వేళ అయింది. బాబాయికి ముక్క అందలేదు. నియమం ప్రకారం ఆయన షాపు కట్టేసి మా ఇంటికి బయల్దేరాడు. నర్సక్క సంచీతో దిగింది. తాత అన్ని మెట్లూ దిగి వచ్చాడు. తలుపు కొట్టబోతే, అంతకుముందే అత్తయ్య తెరిచింది. భుజాన పాప, ముఖం మీద పులిలాంటి కాపలా. లోపల నేను, ముక్క గుండెల మీద బోర్లా పెట్టుకుని, నోరు తెరుచుకుని పడి ఉన్నానట.

"ముక్క రాలేదక్కయ్యా, అమ్మాయికేమైంది?" అన్నాడు బాబాయి.

"గట్టిగా అరవకు" అంది అత్తయ్య. "కాపలా మారింది."

నర్సక్క, తాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నర్సక్క సంచీని భుజం మార్చుకుని, కళ్ళు తుడుచుకుందట. బాబాయి ఒక్కడే ఆ ముగ్గురినీ వరసగా చూశాడు. ఆ ముక్క చదవనివాడు ఆయనే కదా. మెల్లమెల్లగా ఆయన నోరు తెరుచుకుంది.

"అక్కయ్యా," అన్నాడు, "కథ చెప్పేశావు."

నాకు మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. వాన లేదు. మాడిన వాసన లేదు. ముక్కు కింద ఏదో ఆనినట్టుంటే కళ్ళు తెరిచాను. అత్తయ్య వేలు. నా ముక్కు కింద. రెండో చేతిలో పాప, బొటనవేలు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

అత్తయ్య చటుక్కున వేలు తీసేసుకుంది. "ఇంతసేపు పడుకుంటే ఎవరికైనా అనుమానమొస్తుంది" అని గొణుక్కుంది. "నీ పిచ్చి నాకూ అంటించావు కదే."

ఆ వారమంతా అత్తయ్య మెట్లు ఊడ్చింది. శిక్ష పడిన మనిషిలా లేదు, పతకం గెలిచినదానిలా ఊడ్చింది. బాబాయి షాపు గుమ్మంలో స్టూలు వేసుకుని, ఆ మూల ఇంకా దుమ్ముందని చూపించేవాడు. నేను పాపని ఎత్తుకుని పైమెట్టు మీద కూర్చుని వాళ్ళ తగువు వినేదాన్ని. పాప ఆ మెట్ల మీదే మొదటిసారి గట్టిగా నవ్వింది, బాబాయి చీపురు తగిలి స్టూలు మీంచి జారినప్పుడు. మా ఆయన ఇంటికి వచ్చేసరికి, వంతు ప్రకారం నేను నిద్రపోతున్నాను, వాళ్ళమ్మ కాపలా ఉంది. పెట్టె దింపి, తర్వాతి వంతు నాదేనా అని అడిగాడట. ముందు గురక పెట్టకుండా కూర్చోవడం నేర్చుకో అందట అత్తయ్య. నేర్చుకుంటున్నాడు.

నౌక ఆ సూర్యుడి దగ్గరికి చేరిందా లేదా చెప్పను, మెట్లు ఊడవడం నాకిష్టం లేదు. అన్ని ముక్కలూ తిరిగొచ్చాక అత్తయ్య వాటిని మళ్ళీ ఒక్కటిగా కుట్టింది. ఇప్పుడది ముందుకంటే లావుగా ఉంది. కొన్ని పేజీల మీద బాబాయి మిషను నూనె, కొన్నిటి మీద నర్సక్క టీ గ్లాసు గుండ్రాలు. ఒక మూలన మా పాప కొత్త పళ్ళ గాట్లు. అది నేను చదివిన ముక్కే. ఇప్పుడు ఇంకో పుస్తకం నడుస్తోంది, సముద్రం అడుగున మాట్లాడే ఊరి కథ. వరసలో నేను తాత వెనకే ఉన్నాను. కొంచెం వేగం పెరిగింది. అయినా ఆయన "ఇవాళ నేనే మొద్దునయ్యాను" అని మెట్ల మీంచి అరవడం మానలేదు.

మీరు కూడా ఇప్పుడు ఏదో ఒకటి చదువుతూనే ఉంటారు, ఇదయ్యాక ఏం చదవాలో కూడా అనుకునే ఉంటారు. అది కాసేపు ఆగుతుంది. మీ ఇంట్లోనో మీ మెట్ల మీదో ఒకత్తి ఉంటుంది, బిడ్డ నిద్రపోతున్నా తను పడుకోనిది. తలుపు మెల్లిగా తట్టండి. ఎలా ఉన్నావని అడగకండి, బాగున్నానంటుంది. చేతులు కడుక్కుని వెళ్ళి, ఏ వేలు పెట్టాలో అడగండి.